చింతపిక్కలా, కొట్టివేతలా?

విజయనగరం జిల్లాలోని ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాల టీచరు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె ఎస్‌జీటీ. అంటే సెకండరీ గ్రేడ్ టీచర్. ఇంటర్లో బైపీసీ చదివారు, తర్వాత డీఈడీ చేసి డీఎస్సీలో ఉద్యోగం తెచ్చుకున్నారు. ఇప్పుడు ఐదో తరగతి చెబుతున్నారు. తరగతిలో 18 మంది పిల్లలు. కోరుకొండ సైనిక్ స్కూల్ దగ్గర్లోనే ఉండటంతో ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లలో పిల్లల్ని అందులో చేర్పించాలన్న ఆశ ఉంది. ఈ ఏడాది ఐదుగురు పిల్లల తల్లిదండ్రులు హెడ్‌మాస్టర్ గారిని పట్టుకున్నారు. ఆయన వచ్చే ఏడాది రిటైరవుతారు. "నేను వెళ్లేలోపు మన బడి నుంచి ఒక్కరైనా సైనిక్ స్కూల్లో సీటు కొట్టాలమ్మా" అని, ఆ ఐదుగురి కోసం సాయంత్రం ఒక గంట ఆగమని ఈమెని అడిగారు. కాదనలేకపోయారు.

మొదటి చిక్కు నిష్పత్తుల దగ్గరే వచ్చింది. మన రాష్ట్ర పుస్తకాల్లో ఆ పాఠం ఆరో తరగతిలో వస్తుంది, ప్రవేశ పరీక్షకి మాత్రం ఐదులోనే కావాలి. ఈమె చింతపిక్కలు తెచ్చి రెండు కుప్పలు పోయించి, సమాన గుంపులు చేయించి, నెమ్మదిగా మొదలుపెట్టారు. ఐదుగురిలో ముగ్గురు పక్క ఊళ్లో ట్యూషన్‌కి వెళ్తారు. అక్కడి మాస్టారు "పైదీ కిందదీ ఒకే ఎక్కంలో కొట్టెయ్" అని ఒక్క రోజులో నేర్పేశారు. 12:18 అనగానే ఆ ముగ్గురూ 2:3 అనేస్తున్నారు. వాళ్లలో ఒకబ్బాయి తల్లి బడి గేటు దగ్గర నలుగురిలో "ట్యూషన్లో లెక్కలు చేయిస్తున్నారు, మీరు పిక్కలాట ఆడిస్తున్నారు" అందట. హెడ్‌మాస్టర్ గారు అక్కడే ఉండీ ఏమీ అనలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాశారు.

కానీ అదే ముగ్గురిని "తరగతిలో 20 మంది ఉన్నారు, అబ్బాయిలు అమ్మాయిలు 2:3 నిష్పత్తిలో ఉంటే అబ్బాయిలెందరు?" అని అడిగితే పెన్సిల్ నోట్లో పెట్టుకుని కూర్చుంటున్నారు. మిగతా ఇద్దరి కథ వేరు. ఒకమ్మాయికి తీసివేతలు కొట్టిన పిండి. 12:8 ని సూక్ష్మ రూపంలో, అంటే ఇంక కుదించలేని చిన్న అంకెల్లో రాయమంటే 10:6 అని రాసి, "రెండింట్లోంచీ రెండేగా తీశాను టీచర్, తప్పెలా అవుతుంది?" అని వాదిస్తోంది. ఇంకో అబ్బాయికి ఎక్కాలు ఐదు దగ్గర ఆగిపోయాయి. ఇవన్నీ చాలవన్నట్టు, మిగిలిన 13 మందిలో ఒకడు వచ్చి "మాకు చెప్పరా టీచర్?" అనడిగాడు. ఇంట్లో భర్త "జీతానికి సరిపడా పని చెయ్యి, చాలు" అంటున్నారు. సాయంత్రం ఆగితే బస్సు తప్పుతోంది.

ఆమె అడిగినవి ఇవి. నేనూ కొట్టివేత నేర్పేసి ఊరుకోనా? ఈ గంట నా వల్ల కాదని హెడ్‌మాస్టర్ గారికి చెప్పేయనా? బైపీసీ దాన్ని కాబట్టి నాకే లెక్కలు చెప్పడం రావట్లేదా? చివర్లో చిన్న అనుమానం: 6:3 కి కొందరు పిల్లలు "2" అని రాస్తున్నారు, దాన్ని తప్పు పెట్టాలా?

టీచర్ గారూ, గేటు దగ్గర మాట గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు లెక్క సంగతి తేలిస్తే మిగతా ముడులు కొంత వాటంతటవే వదులవుతాయి.

కొట్టివేత తప్పు కాదు. నిష్పత్తిలోని రెండు పదాలనీ, అంటే రెండు అంకెలనీ, ఒకే సంఖ్యతో భాగించడమే సూక్ష్మ రూపానికి దారి, పుస్తకం చెప్పేదీ అదే. ట్యూషన్ మాస్టారు నేర్పింది అబద్ధమేమీ కాదు. అయితే ఆ ముగ్గురూ 12:18 ని కాగితం మీద 12 పైన, 18 కింద పెట్టి భిన్నంలా రాస్తున్నారని మీ ఉత్తరాన్ని బట్టి అర్థమవుతోంది. అలా రాస్తే చేతికి తేలిక. చిక్కేమిటంటే, వాళ్ల బుర్రలో 2:3 అన్నది "మూడింట రెండు వంతులు"గా కూర్చుండిపోతుంది. ఇక మీ 20 మంది లెక్క చూడండి. 20 లో మూడింట రెండు వంతులు తీస్తే 13 చిల్లర వస్తుంది. చిల్లర అబ్బాయిలు ఉండరని వాళ్లకి తెలుసు, అందుకే పెన్సిల్ నోట్లోకి వెళ్లింది. నన్నడిగితే అది మంచి లక్షణమే, తోచింది రాసి పారేయకుండా ఆగారు కదా. వాళ్లకి తట్టనిది ఒక్కటే: 2:3 అంటే మొత్తం 5 వాటాలు. 20 ని 5 వాటాలు చేస్తే ఒక్కోటి 4, కాబట్టి అబ్బాయిలు 8, అమ్మాయిలు 12. ఆ 5 అనే సంఖ్య కొట్టివేతలో ఎక్కడా కనబడదు. ఎన్నిసార్లు కొట్టినా కనబడదు.

పరీక్ష దృష్టితో చూసినా ఇది చిన్న విషయం కాదు. సైనిక్ స్కూల్ ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో మొత్తం 300 మార్కులు. అందులో లెక్కలకే 150, యాభై ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కులు. తెలుగులోనూ రాయొచ్చు. డబ్బు పంచుకోవడం, ఇద్దరి వయసులు లాంటి ప్రశ్నల్లో సూక్ష్మ రూపం ఒక మెట్టు మాత్రమే, అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. కాబట్టి ఆ తల్లి కోరుకునే సీటు కోసమైనా సరే, కొట్టివేత ఒక్కటే సరిపోదు.

ఇప్పుడు మీ వైపు. చింతపిక్కల దగ్గర మీకు కష్టం ఎందుకొచ్చిందో నాకు తోచింది చెబుతాను, ఏమీ అనుకోకండి. పిక్కలన్నీ ఒకేలా ఉంటాయి. 12 పిక్కల కుప్పనీ 18 పిక్కల కుప్పనీ 2:3 చేయాల్సిన అవసరం ఏమిటో పిల్లకి తెలియదు. మీరు చేయమన్నారు కాబట్టి చేస్తుంది. సూక్ష్మ రూపం ఎందుకు కావాలో తెలియాలంటే, వేర్వేరు అంకెలున్న చాలా జతలు ఒకే చోటికి వచ్చి చేరడం కళ్లారా చూడాలి. ఒక్క జత ఇచ్చి కుదించమంటే అది పనిష్మెంటులా ఉంటుంది.

అలాంటి జతలు మీ బడి వంటగదిలోనే ఉన్నాయి. మధ్యాహ్న భోజనం కొలతలు మీకు కంఠస్థమే అయి ఉంటాయి. రోజుకి ఒక్కో పిల్లకి, ఒకటి నుంచి ఐదు వరకు చదివేవాళ్లకి బియ్యం 100 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది వరకు వాళ్లకి 150. పప్పు 20, 30. కూరగాయలు 50, 75. నూనె 5, 7.5. ఈ నాలుగు వరసలూ బోర్డు మీద రాసి, "చిన్నబడి, పెద్దబడి" అని రెండు నిలువు గళ్లు గీయండి. ఇంకేమీ చెప్పకండి. ఒక్కో వరసనీ ఒక్కొక్కరిని కుదించమనండి. 100:150 ఎవరైనా చేస్తారు, సున్నాలు కొట్టేసి 10:15, తర్వాత 2:3. 20:30 ఇంకా తేలిక. 50:75 దగ్గర కాస్త తడబడతారు, ఎందుకంటే సగం చేద్దామంటే 75 ఒప్పుకోదు. 5 తో పోతుందని ఎవరో ఒకరు పట్టుకుంటారు. 10:15, మళ్లీ 2:3. అప్పటికే తరగతిలో గుసగుస మొదలవుతుంది.

నూనె దగ్గర మీ ట్యూషన్ ముగ్గురూ ఆగిపోతారు. 7.5 ఏ ఎక్కంలోనూ లేదు. కాసేపు అలాగే వదిలేయండి. రెండు రోజుల నూనె ఎంతవుతుందో అడగండి. 10, 15. అదిగో, మళ్లీ 2:3. చిన్నది చేయడానికి ముందు పెద్దది చేయాల్సి వచ్చింది. రెండు పదాలనీ ఒకే సంఖ్యతో భాగించొచ్చు, ఒకే సంఖ్యతో గుణించొచ్చు కూడా అన్న సంగతి వాళ్లకి ఇక్కడ తెలుస్తుంది. సూత్రంగా చెప్పాల్సిన పని కూడా ఉండదు.

ఇక అసలు ప్రశ్న అడగండి: "వంటామె చిన్నపిల్లకి రెండు గరిటెలు వేస్తే పెద్దపిల్లకి ఎన్ని వేయాలి?" మూడు. అన్నమైనా మూడే, పప్పైనా మూడే, కూరైనా మూడే. 2:3 అంటే అదీ. గ్రాములు పోయాయి, గరిటె లెక్క మిగిలింది. ఆ తర్వాత మీరు ఏ నిష్పత్తి ఇచ్చినా "గరిటెలెన్ని?" అని అడిగితే చాలు. "మొత్తం ఎన్ని గరిటెలు పడ్డాయి?" అనడిగితే 5 అంటారు. 20 మంది లెక్కలో దొరకని ఆ 5 ఇక్కడ దొరికింది.

తీసివేతల అమ్మాయి గురించి రాసింది చదువుతుంటే ముచ్చటేసింది. ఆ పిల్ల వాదన ఊరికే కొట్టిపారేసేది కాదు. రెండు వైపులా సమానంగా చేయాలని అంది, సమానంగానే చేసింది. భాగహారంలో సరైన న్యాయం తీసివేతలో ఎందుకు కాదో ఎవరూ చూపించలేదు, అంతే. "తప్పు" అనకండి. "సరే, అలాగే ఇంకా చిన్నది చెయ్యి" అనండి. 12:8 ని 12 చెంచాల పంచదార, 8 గ్లాసుల నీళ్లు అనుకోమనండి. 10:6. తర్వాత 8:4. తర్వాత 6:2. తర్వాత 4:0. నాలుగు చెంచాల పంచదార మిగిలింది, నీళ్లు లేవు. పానకం ఏదమ్మా అనడగండి, తనే నవ్వుతుంది.

నిజంగా కలిపి రుచి చూపిస్తానంటే ఒక్క జాగ్రత్త. 12:8 కీ 10:6 కీ తేడా నాలుకకి అందదు. మొదటిదాంట్లో గ్లాసుకి ఒకటిన్నర చెంచా, రెండోదాంట్లో దాదాపు అంతే. ఆ దశలో రుచి చూపిస్తే పిల్ల వాదనే గెలుస్తుంది. 6:2 దాకా వెళ్లనివ్వండి. అక్కడ గ్లాసుకి మూడు చెంచాలు, ఎవరైనా మొహం ముడుస్తారు. పక్కనే రెండు గ్లాసుల నీళ్లలో మూడు చెంచాలు కలిపిన 3:2 పెట్టండి. ఏది అసలు 12:8 లా ఉందో తనే చెబుతుంది.

భోజనం పట్టిక దగ్గరకి ఆమెని మళ్లీ తీసుకురండి. "నీ పద్ధతిలో ఒక్కో వరసలో తేడా ఎంత?" బియ్యంలో 50, పప్పులో 10, కూరగాయల్లో 25, నూనెలో 2.5. నాలుగు రకాల తేడాలు. కానీ గరిటెల లెక్క మాత్రం నాలుగింట్లోనూ ఒకటే. తేడా వేరు, నిష్పత్తి వేరు అని ఇంతకంటే బాగా చెప్పే లెక్క నాకు తెలియదు.

ఇది మీ బడి పిల్లల లోపం అనుకోకండి. అమెరికాలో బర్క్‌లీలో పనిచేసిన భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ కార్‌ప్లస్ 1970 ప్రాంతంలో పిల్లలకి ఒక లెక్క ఇచ్చాడు. ఒక పొట్టివాడి ఎత్తు 4 గుండీలు, పొడుగువాడి ఎత్తు 6 గుండీలు. అదే పొట్టివాడిని పేపర్ క్లిప్పులతో కొలిస్తే 6 వచ్చాయి, మరి పొడుగువాడు ఎన్ని క్లిప్పులు? జవాబు 9. కానీ మీ అమ్మాయి కంటే పెద్దవాళ్లు కూడా చాలామంది "రెండు ఎక్కువ కదా, 8" అన్నారు. ఈ లెక్క మీ తరగతిలో ఇచ్చి చూడండి. బోర్డు మీద ఇద్దరు మనుషుల బొమ్మలు గీయాలి, అంతే ఖర్చు.

ఆ అమ్మాయి తీసివేతకి ఒక గౌరవమైన చోటు కూడా ఉంది. 26:39 ఇచ్చి చూడండి. ట్యూషన్ పిల్లలు రెండో ఎక్కం, మూడో ఎక్కం, ఐదో ఎక్కం అన్నీ తిరగేసి "ఇంక పోదు టీచర్" అంటారు. ఆమెతో ఇలా చేయించండి: ఒకే సంఖ్యని రెండింట్లోంచీ తీయడం కాదు, చిన్నదాన్ని పెద్దదాంట్లోంచి తీయడం. 39 లోంచి 26 తీస్తే 13. ఇప్పుడు చేతిలో 26, 13. మళ్లీ పెద్దదాంట్లోంచి చిన్నది, 13. రెండూ సమానమయ్యాయి, ఆగు. ఆ 13 తోనే రెండూ పోతాయి: 26 లో రెండు పదమూడ్లు, 39 లో మూడు. 2:3. రెండింటినీ భాగించే అతిపెద్ద సంఖ్యని (గ.సా.భా.) కనుక్కునే ఈ పద్ధతిని గ్రీకు గణితవేత్త యూక్లిడ్ 2,300 ఏళ్ల కిందట రాసిపెట్టాడు. పదమూడో ఎక్కం రాకపోయినా పని జరిగింది, ట్యూషన్లో ఆగిపోయిన లెక్క తీసివేతల పిల్ల చేసింది. ఆ పూట ఆమె మొహం చూడండి.

ఎక్కాలు రాని అబ్బాయికి చేయాల్సింది తక్కువే. ఒకే దెబ్బకి 12 తో కొట్టాలని ఎవరూ శాసనం చేయలేదు. 24:36 ని సగం చెయ్యమనండి, 12:18. మళ్లీ సగం, 6:9. ఇక్కడ వాడు ఆగిపోతాడు, ఎందుకంటే 9 సగం కాదు. "మూడో ఎక్కం చూడరా" అంటే 2:3 వస్తుంది. మూడు మెట్లెక్కినా పూర్తి మార్కులు వేయండి. పరీక్షలో ఓఎంఆర్ షీటు మీద గుండ్రం దిద్దడమే, ఎన్ని మెట్లలో వచ్చావని అడిగేవాళ్లుండరు. ఎప్పుడు ఆపాలో తెలియడమే వాడికి ముఖ్యం. 8:15 ని చూసి ఇంకా ఏదో చేయాలేమో అని టెన్షన్ పడతారు కొందరు, 9:15 ని చూసి అయిపోయిందనుకుంటారు ఇంకొందరు. రెండూ పక్కపక్కన పెట్టి రోజూ రెండు నిమిషాలు "అయిందా, కాలేదా?" ఆట ఆడించండి. ఎక్కాలు నేర్పడం మానొద్దు, కానీ అవి వచ్చేదాకా నిష్పత్తి ఆపనూ వద్దు.

ఆ ముగ్గురి చేతిలోని కొట్టివేతని మీరు వెనక్కి తీసుకోలేరు, తీసుకోనూ వద్దు. అది ఎక్కడ ఆగిపోతుందో చూపించండి చాలు. నూనె లెక్క, 26:39, మీ 20 మంది లెక్క ఎలాగూ ఉన్నాయి. వాటికి తోడు 2 మీటర్లు : 50 సెంటీమీటర్లు ఇవ్వండి. తడుముకోకుండా 1:25 అంటారు. "అంటే రెండు మీటర్ల తాడు కంటే యాభై సెంటీమీటర్ల ముక్క ఇరవై ఐదు రెట్లు పొడుగన్నమాట" అని సీరియస్‌గా అనండి. వాళ్లే దిద్దుకుని 200:50 చేసి 4:1 అంటారు.

మీరడిగిన మొదటి ప్రశ్నకి వస్తాను: కొట్టివేత నేర్పేసి ఊరుకోవచ్చా? ఊరుకోవచ్చు. రెండు రోజుల్లో ఐదుగురూ టకటకా చెబుతారు, గేటు దగ్గర మాటలు ఆగుతాయి, హెడ్‌మాస్టర్ గారు సంతోషిస్తారు. పంపకాల లెక్కలు వచ్చినప్పుడు మళ్లీ మొదటికొస్తారు. పైగా ఒకసారి జవాబు రావడం మొదలయ్యాక పదేళ్ల పిల్ల "ఎందుకు?" అన్నది వినదు, వినాల్సిన అవసరం తనకి కనబడదు. దీనికి ఎదురు దారి, అర్థమయ్యేదాకా కొట్టివేత ఊసే ఎత్తకపోవడం. అది పుస్తకాల్లో బాగుంటుంది. మీ దగ్గర ముగ్గురికి ఇప్పటికే వచ్చేసింది కాబట్టి కుదరదు, పరీక్ష తేదీ కూడా ఆగదు. భోజనం పట్టికతో మొదలుపెట్టి, పిల్లలే సున్నాలు కొట్టడం మొదలెట్టిన క్షణంలో "దీన్నే కొట్టివేత అంటారు" అనేయడం నాకు నచ్చిన దారి. దీనికీ ఒక ఇబ్బంది ఉంది. మొదటి వారం బయటివాళ్లకి మీరు వెనకబడినట్టే కనబడతారు. ఆ వారం ఓర్చుకోగలరా అన్నది మీరే చూసుకోవాలి.

సాయంత్రం గంట సంగతి. కాదనే హక్కు మీకుంది, అది డ్యూటీ కాదు. బస్సు తప్పి రాత్రి ఇల్లు చేరడం ఏ జీతంలోనూ రాసి లేదు, ఆ విషయంలో మీ ఆయన మాట తీసిపారేయలేను. మానేయదలిస్తే హెడ్‌మాస్టర్ గారికి బస్సు కారణం ఒక్కటే చెప్పండి. ట్యూషన్ మాట, గేటు మాట అందులో కలిపితే అది అలక అవుతుంది. మానేస్తే ముగ్గురికి పెద్దగా నష్టం లేదు, వాళ్లకి ట్యూషన్ ఉంది. నష్టపోయేది తీసివేతల అమ్మాయి, ఎక్కాల అబ్బాయి. ఇలాగే రోజూ కొనసాగితే మీరు అలసిపోతారు, "మాకు చెప్పరా టీచర్?" అన్న పిల్లవాడికి జవాబు లేకుండా పోతుంది.

మధ్యలో ఇంకో దారి ఉంది. అర్థం చెప్పే భాగాన్ని సాయంత్రం నుంచి తీసి మామూలు లెక్కల పీరియడ్‌లోకి తెండి, 18 మందికీ చెప్పండి. సమాన భిన్నాలు చెప్పే రోజుల్లో కలిపేస్తే సిలబస్ తప్పినట్టు ఎవరూ అనలేరు, ఆ పాఠానికిది పక్కింటి పాఠమే. సాయంత్రం వారానికి రెండు రోజులే పెట్టుకుని, ముందుగా ట్యూషన్‌కి వెళ్లలేని ఆ ఇద్దరికి అభ్యాసం చేయించండి. ముగ్గురు వస్తే రానివ్వండి. పాఠాలు నాలుగైదు రోజులు వెనకబడతాయి, అది మాత్రం తప్పదు. ఆ మాట హెడ్‌మాస్టర్ గారికి ముందే చెప్పి ఒప్పించుకోండి. ఆయన ఆశ పెట్టుకున్నది సీటు మీద, మీ బస్సు మీద కోపమేమీ లేదు.

ఆ 18 మందికీ కలిపి ఒక పని కూడా ఇస్తాను. మన జెండా పొడవు, వెడల్పు 3:2 లో ఉండాలని ఫ్లాగ్ కోడ్ చెబుతుంది. అందులో ఇచ్చిన సైజులు మిల్లీమీటర్లలో 6300 × 4200 నుంచి 150 × 100 దాకా ఉంటాయి. మధ్యలో 1350 × 900, 900 × 600, 450 × 300, 225 × 150 లాంటివి. ఒక్కో జట్టుకి ఒక్కో సైజు ఇచ్చి కుదించమనండి. అన్నీ 3:2 కే వస్తాయి. తర్వాత స్కేలిచ్చి, కొట్లో కొన్న కాగితం జెండాలు కొలిపించండి. అన్నీ 3:2 ఉండవు. తప్పు జెండా పట్టుకున్న పిల్ల ఆ రోజు బడంతా ఊరేగుతుంది.

గేటు దగ్గరి తల్లి మాటకొస్తే, ఆమె మిమ్మల్ని చిన్నబుచ్చాలని వచ్చిందని నేననుకోను. పిల్లాడికి సీటు పోతుందేమోనన్న భయం నలుగురిలో అలా బయటపడింది. నలుగురిలో అనడం మాత్రం తప్పే, మీకు నొప్పి కలగడం సహజం. హెడ్‌మాస్టర్ గారితో ఒంటరిగా ఉన్నప్పుడు "మీరొక్క మాట అని ఉంటే బాగుండేది సార్" అనండి, మనసులో పెట్టుకోకండి. ఆ తల్లికి జవాబుగా ఇంటికి ఒక లెక్క పంపండి. "మీ అమ్మ ఇడ్లీకి మినప్పప్పు, రవ్వ ఎంతెంత పోస్తుందో అడిగి రాసుకురా." చాలా ఇళ్లలో ఒకటికి రెండు. మూడు గ్లాసుల రవ్వ పోస్తే పప్పు ఎంత? ఒకటిన్నర. ఒకటిన్నర : 3 ని సూక్ష్మ రూపంలో రాయడం ట్యూషన్ కొట్టివేతకి వెంటనే అందదు, ఆమెకి మాత్రం చేత్తో వచ్చిన లెక్క. కొడుకు ఆమె దగ్గరే నేర్చుకుంటాడు. మీరు గెలిచినట్టో ఆమె ఓడినట్టో ఉండదు. ఆమె మెత్తబడుతుందని హామీ ఇవ్వలేను, కొందరు మెత్తబడరు. ట్యూషన్ మాస్టారి మీద మాత్రం ఆమె దగ్గర ఒక్క మాట కూడా అనకండి, సాయంత్రానికల్లా ఆయన చెవిన పడుతుంది.

బైపీసీ అన్న దిగులు నాకర్థం కాలేదు. జన్యుశాస్త్రం పాఠంలో మెండెల్ బఠానీల 3:1, 9:3:3:1 నిష్పత్తులు రాసి మార్కులు తెచ్చుకున్నవారే కదా మీరు. ఆయన గుండ్రటి గింజలు 5,474, ముడతల గింజలు 1,850 లెక్కపెట్టాడు. దాన్ని కొట్టివేతలో పెడితే 2 ఒక్కటే పోతుంది, 2737:925 దగ్గర ఆగిపోతుంది, అది చూసి ఎవరికీ ఏమీ తెలియదు. దాదాపు మూడుకొకటి అని చూడగలగడమే అక్కడ పని. పిక్కలు పోయించి పిల్లలకి చూపిద్దామనుకున్న మీకు ఆ చూపు ఉంది. ఆ తీసివేతల అమ్మాయి వాదనని మాట పొల్లుపోకుండా ఉత్తరంలో రాశారు. పిల్ల ఎక్కడ తప్పిందో పట్టుకోలేని టీచరు అలా రాయలేరు.

చివరి అనుమానం: 6:3 కి "2". నోటు పుస్తకంలో ఇంటూ కొట్టకండి, పిల్లని పిలిచి "ఎవరు ఎవరికి రెండింతలు?" అనడగండి. మొదటిది రెండోదానికి అని చెబితే విషయం తెలిసినట్టే, 2:1 అని రాయించి పంపేయండి. చెప్పలేకపోతే మళ్లీ గరిటెల దగ్గరకి తీసుకెళ్లండి. సైనిక్ స్కూల్ పరీక్ష రాసే ఐదుగురి విషయంలో మాత్రం ఇప్పటి నుంచే గట్టిగా ఉండండి. అక్కడ నాలుగు జవాబుల్లో 2:1 తో పాటు 1:2 కూడా ఉండొచ్చు. ఉత్త "2" అని అలవాటైన పిల్ల తొందరలో ఏది ముందు కనబడితే అది దిద్దేస్తుంది.